దమ్మామ్‌లో ధరావతు

సౌదీ పోయి వచ్చానంటే మా సిరిసిల్లలో ఎవరూ కనుబొమ్మ కూడా ఎత్తరు. మా వీధిలో ఇంటికొకరు పోయి వచ్చినవారే. కానీ వాళ్లంతా పనికి పోయారు. వచ్చాక అడిగితే ‘ఏమున్నది, ఎండ’ అని ఊరుకుంటారు. నేను డెబ్బై దాటాక, మొదటిసారి పాస్‌పోర్టు పట్టుకుని, పనీపాటా లేకుండా పోయి వచ్చాను. అక్కడ నాకు అన్నం పెట్టినవాళ్లు, కుర్చీ ఇచ్చినవాళ్లు, నా మొండితనాన్ని భరించినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల రుణం తీర్చే దారి నాకు ఇదొక్కటే తెలుసు కనుక రాస్తున్నాను.

నా కూతురు సరోజ, అల్లుడు వేణు దమ్మామ్‌లో ఉండేవారు. వేణు ఇంజినీరు. భార్యాపిల్లలను వెంట ఉంచుకున్న విదేశీయులు తలకింత అని లెవీ కట్టాలనే రూలు వచ్చింది, అది ఏటేటా పెరుగుతోంది. మనిషిని ఇంట్లో ఉంచుకున్నందుకు పన్నేమిటని నేను ఫోన్‌లోనే కోప్పడ్డాను. నా కోపంతో రూలు మారదు కదా. ‘ఇల్లు ఎత్తేస్తున్నం బాపూ, పిల్లలను తీసుకుని వచ్చేస్తున్న. దానికి ముందు ఒకసారి వచ్చి చూడు’ అన్నది సరోజ.

బయల్దేరేముందు పక్క వీధిలో బీడీలు చుట్టే రాజవ్వ వచ్చింది. ఆమె భర్త లింగన్న దమ్మామ్ దగ్గరే ఏదో క్యాంపులో ఉన్నాడు. ఏళ్లు గడిచాయి, ఇంటికి రావడం లేదు. ఆమె ఏడవలేదు. చిన్న సీసాలో చింతకాయ తొక్కు నా చేతిలో పెట్టి చెప్పింది.

“ఎప్పుడొస్తవని అడగకు పెద్దబాపూ, అది నేను రోజూ అడుగుతనే ఉన్న. ఎందుకు రానిస్తలేరో అడుగు.”

దమ్మామ్

విమానాశ్రయంలో నా వేలిముద్రలు పడలేదు. నలభై ఏళ్లు మరమగ్గం మీద తెగిన దారాలు ముడేసి ముడేసి నా వేళ్ల మీది గీతలు అరిగిపోయాయి. మిషను మళ్లీ మళ్లీ ఎర్రదీపం చూపించింది. వెనకాల వరస పెరుగుతోంది. మన దగ్గరైతే ఈపాటికి ‘పక్కకు జరుగు ముసలాయనా’ అని ఉందురు. ఆ కుర్ర అధికారి మాత్రం నన్ను ‘బాబా’ అని పిలిచి, కుర్చీ తెప్పించి, ఒక్కో వేలినీ తడిగుడ్డతో తుడిచి, తన వేళ్లతో మెల్లగా అదిమి పట్టాడు. చివరికి బొటనవేలు ఒప్పుకుంది. నాకంటే అతనే ఎక్కువ సంతోషించాడు.

సరోజ ఇంట్లో సామానంతా అట్టపెట్టెల్లోకి ఎక్కుతోంది. వీధి మలుపులో ఒక ఆఫ్ఘన్ రొట్టెల కొట్టు ఉంది. తమీస్ అనే ఆ రొట్టె మన చాటంత ఉంటుంది. ధర ఒక్క రియాల్. మా ఊళ్లో ఆ డబ్బుకు రెండు టీలు వస్తాయి, ఇక్కడ ఇంటిల్లిపాదికీ పొద్దుటి తిండి వచ్చింది. నమాజు వేళకు కొట్లన్నీ షట్టర్లు దించుతారు. మొదటిరోజు చేతిలో రియాల్ పట్టుకుని ఎండలో నిలబడి నాలో నేను తిట్టుకున్నాను. మూడోరోజుకు అదే గట్టు మీద, పని ఆగిపోయిన ఇతర దేశాల వాళ్లతో కూర్చుని, నాకు వచ్చిన ఉర్దూలో ముచ్చట్లు పెట్టాను. రోజుకు ఇన్నిసార్లు ఊరంతా చేతిలో పని పక్కన పెట్టడం చెడ్డ అలవాటేమీ కాదనిపించింది.

వారం చివర అభా తీసుకుపోతానని వేణు ముందే టికెట్లు కొన్నాడు. అక్కడ కొండలు, మబ్బులు, చలి ఉంటాయట. పిల్లలు స్వెట్టర్లు కూడా తీసి పెట్టుకున్నారు.

ఖతీఫ్

అంతకుముందు వేణు నన్ను ఖతీఫ్ చేపల మార్కెట్‌కు తీసుకుపోయాడు. దమ్మామ్‌కు ఆనుకునే ఉన్న పాత ఊరు అది. చుట్టూ ఖర్జూరపు తోటలు, అవతల సముద్రం. మా ఊరి మానేరు వాగు చేపలు తప్ప ఎరగని నాకు ఆ మార్కెట్ ఒక బడి. గులాబీ రంగువి, పులిచారలవి, నా చేయంత పొడుగువి. ఒక ముసలి వ్యాపారి దగ్గర రొయ్యలు తూయించి, అలవాటు చొప్పున సగం ధరకు అడిగాను. వేణు సిగ్గుతో పక్కకు చూశాడు. ఆ ముసలాయన పెద్దగా నవ్వి, ధర తగ్గించకుండా ఒక చేపను ఊరికే సంచిలో వేశాడు. బేరంలో ఓడిపోయానో గెలిచానో నాకు ఇప్పటికీ తెలియదు.

చేపలు కోసిచ్చే బల్ల దగ్గర ఉన్నతను జగిత్యాలవాడు. మాట కలిసింది. లింగన్న పేరు చెప్పగానే కత్తి ఆపాడు. ఆ క్యాంపు తనకు తెలుసన్నాడు. అక్కడి ఇన్‌చార్జి మల్లేశం, మెట్‌పల్లి దిక్కువాడే, లింగన్న మీద హురూబ్ వేయించాడన్నాడు.

హురూబ్ అంటే పనివాడు పారిపోయాడని కంపెనీ ఇచ్చే ఫిర్యాదు. అది పడ్డ మనిషికి ఇకామా, అంటే అక్కడ ఉండే గుర్తింపు కార్డు, చెల్లదు. వేరే పని దొరకదు, ఇంటికి పోయే ఎగ్జిట్ వీసా దొరకదు, రోడ్డు మీద కనబడితే పట్టుకుపోతారు. నితాఖత్ అనే రూలు వచ్చాక ఎంతమంది సౌదీలకు పని ఇచ్చారో చూసి కంపెనీలకు రంగులు వేస్తున్నారు. లింగన్న కంపెనీ ఎరుపులో పడింది. ఆపైన మనిషికింత లెవీ. కొందరిని పారిపోయారని రాసేస్తే ఆ తలలు లెక్కలోంచి పోతాయి. జీతం అడిగినవాళ్ల పేర్లే ముందు రాశారట.

క్యాంపు

వేణుకు ఇష్టం లేదు. “మామయ్యా, ఇది మన ప్రాబ్లం కాదు. ఏదైనా ఇష్యూ అయితే నా జాబ్‌కే ఎఫెక్ట్” అన్నాడు. అతని భయం నిజమైనదే. అయినా కారు తీశాడు.

ఊరి బయట ఇసుకలో రేకుల గదుల వరసలు. ఒకప్పుడు వందల మంది ఉన్న చోట ఇప్పుడు ఒక మెస్‌లో పట్టేంత మంది మిగిలారు. లింగన్న పొయ్యి దగ్గర ఉన్నాడు. బట్టతల వచ్చింది, బుగ్గలు పీక్కుపోయాయి. రాజవ్వ ఇచ్చిన సీసా తీసుకుని మూత తీసి వాసన చూసి మళ్లీ బిగించాడు. భార్య ప్రశ్న చెప్పాను. జవాబు పక్కవాళ్లు చెప్పారు. పారిపోయాడని రాసిన మనిషి ఒక్కరోజు కూడా ఆ గేటు దాటలేదు. క్యాంపుకంతటికీ వండేది అతనే. మల్లేశం వచ్చినప్పుడల్లా చాయ పోసిచ్చేది కూడా అతనే. ఆ చాయ తాగే మల్లేశం రాసిచ్చాడు, లింగన్న కనబడటం లేదని.

“వాడు హిట్లర్ పెద్దబాపూ” అన్నాడొకడు.

నాకు కోపం వచ్చింది. ఆ మాటను ఎవరైనా చవగ్గా వాడితే నేను సహించను. వయసులో ఉన్నప్పుడు మగ్గం దిగి లైబ్రరీకి పోయేవాణ్ని. అక్కడ ఒక నాజీ క్యాంపు కమాండెంటు కథ చదివాను. అది మొదలు నలభై ఏళ్లుగా అతని గురించి దొరికిందల్లా చదివాను. ఐదో తరగతి చదువుకు అంతకంటే పెద్ద పాఠం నాకు దొరకలేదు. ‘అది మనుషులను చంపడానికే కట్టిన చోటు, ఇది కాదు. ఇక్కడి దుఃఖం చిన్నదని అనను, కానీ రెండింటినీ ఒక తక్కెడలో పెడితే చచ్చిపోయినవాళ్లకు అన్యాయం చేసినట్టు’ అని గదిమాను. తర్వాత లింగన్నే నెమ్మదిగా అడిగాడు, అయితే ఆ మనిషి ఎవరు, ఏమైండు అని.

అన్నం తింటూ చెప్పాను. అతను పుట్టు రాక్షసుడేమీ కాదు. వ్యవసాయం చేసుకుని బతుకుదామనుకున్నవాడే. నాజీ పార్టీలో చేరాడు, ఒక క్యాంపులో కాపలా పని నేర్చాడు, చెప్పింది చెప్పినట్టు చేస్తాడని మెట్టు మెట్టుగా పైకెక్కించారు. ఆఖరికి అన్నిటికంటే పెద్ద క్యాంపు అతని చేతికిచ్చారు. లక్షల మందిని, ఎక్కువగా యూదులను, ఆడవాళ్లనీ పసిపిల్లలనీ కూడా అక్కడ చంపారు. గోడకు ఇవతల అతని ఇల్లు, పూలతోట, ఆడుకునే పిల్లలు. యుద్ధం ఓడిపోయాక పేరు మార్చుకుని ఒక రైతు దగ్గర పాలేరుగా దాక్కున్నాడు. దొరికాడు. ముందు వేరేవాళ్ల విచారణలో సాక్ష్యం చెప్పాడు, తర్వాత పోలెండ్‌లో అతని విచారణే జరిగింది. అక్కడ అతనికీ వకీళ్లను ఇచ్చారు. పైనుంచి ఆజ్ఞలు వచ్చాయన్నాడు, కానీ అక్కడ జరిగినదానికి బాధ్యుణ్ని నేనే అని కూడా అన్నాడు. ఆ క్యాంపులోనే అతన్ని ఉరి తీశారు.

అందరికీ ఉరి దగ్గర తృప్తి కలిగింది. నాకు ఏనాడూ కలగలేదు, ఉరితో ఒక్కరూ తిరిగి రాలేదు. అతని మీద నాకు వీసమెత్తు గౌరవం కూడా లేదు. కానీ అతని నోటితో అతనే చెప్పిన మాటలు మిగిలాయి. అదంతా జరగనేలేదనేవాళ్లు ఈరోజుకీ పుడుతున్నారు, వాళ్లకు అదే జవాబు. నా కోపమంతా వెళ్లబోసి అదే చెప్పాను.

అప్పుడు బయటపడింది వాళ్ల ఆలోచన. శుక్రవారం మల్లేశం వస్తే తలుపేసి తన్నాలని. తంతే లింగన్న ఇంటికి పోతాడా అని అడిగాను. ‘పంచాయితీ పెట్టున్రి’ అన్నాను.

శుక్రవారం

పంచాయితీకి మల్లేశం ఎందుకు వస్తాడని మీరు అడగవచ్చు. రాకపోతే ఆ సంగతి సాయంత్రానికి మెట్‌పల్లిలో వాళ్లమ్మ చెవిన పడుతుంది. ఫోన్లు వచ్చాక మా ఊళ్లు ఎడారి దాకా పొడుగయ్యాయి. వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, బయట తెల్ల కారు. ఆ కారు హారన్ వింటే గదుల్లో మాటలు ఆగిపోతాయని నాకు ముందే చెప్పారు.

మా దిక్కున పంచాయితీ మొదలయ్యేముందు రెండు వైపులవాళ్లూ పెద్దమనిషి దగ్గర ధరావతు పెట్టాలి. మాట తప్పినవాడు పెట్టింది పోగొట్టుకుంటాడు. డబ్బు ఎవరి దగ్గరా లేదు. అది లేకుండా గడవదనే వస్తువేదైనా పెట్టమన్నాను. మల్లేశం కారు తాళంచెవి పెట్టాడు. పనివాళ్లు గుసగుసలాడుకుని అన్నం వండే పెద్ద గంజు తెచ్చి నా ముందు పెట్టారు.

ఒక్కొక్కరూ చెప్పారు. హురూబ్ సంగతి, నీళ్ల ట్యాంకర్ ఆపించిన సంగతి. అంతా అయ్యాక ఇతని తరఫున మాట్లాడేదెవరని అడిగాను. ఎవరూ లేవలేదు. అంత పెద్ద పాపం చేసిన కమాండెంటుకే వకీలును ఇచ్చారు, ఇతనికి లేకుండా ఎట్లా కుదురుతుంది? ఎవరూ లేవకపోతే నేనే లేచాను. జీవితమంతా ఇటువంటి పెత్తందార్లను తిట్టినవాణ్ని, సౌదీ పోయి అటువంటివాడికే వకీలునయ్యాను. పనివాళ్లు నన్ను చూసిన చూపు మీరు చూడవలసింది.

అతన్ని నీళ్ల ట్యాంకు వెనక్కు తీసుకుపోయి కూర్చోబెట్టాను. తన కథ చెప్పుకున్నాడు. సిమెంటు బస్తాలు మోయడానికే వచ్చాడు. అరబ్బీ పట్టుబడింది. స్టోరు తాళాలిచ్చారు, పాస్‌పోర్టుల అల్మరా తాళమిచ్చారు, చివరికి క్యాంపే ఇచ్చారు. ఒకసారి గుండెనొప్పి వచ్చిన మేస్త్రీని తన కారులో ఆసుపత్రికి తీసుకుపోయి బతికించాడు. ఇది నిజమేనని తర్వాత పనివాళ్లే ఒప్పుకున్నారు.

“నీ తరఫున ఏం చెప్పాలె?” అన్నాను.

“పైనోళ్లు రాయమన్నరు, నేను రాసిన. గంతే.”

“అది చెల్లది. గంతకంటె పెద్ద పెద్దోళ్లు గా మాట చెప్పి చూసిన్రు. ఇంకోటి చెప్పు.”

“రాయకపోతే నా పేరే రాస్తుండె.”

“అది చెప్త. ఇంకా?”

చెప్పు కొసతో ఇసుకను గీకాడు. “వాని చేతి చాయ తాగుకుంటనే రాసిన పెద్దబాపూ.”

“ఇది నాతోని చెప్పుడు గాదు. లేబర్ ఆఫీసుల చెప్పు.”

“చెప్తే నా నౌకరి పోతది.”

“పోవచ్చు” అన్నాను. నేను వకీలునే గాని అబద్ధం చెప్పే వకీలును కాను.

వెనక్కు వచ్చి అతని తరఫున చెప్పవలసింది చెప్పాను. ఆదివారం పొద్దున లేబర్ ఆఫీసుకు, అంటే వాళ్లు మక్తబ్ అనే చోటికి, వచ్చి మల్లేశం నిజం చెప్పాలని, అందాకా అతని మీద ఎవరూ చెయ్యి వేయకూడదని పంచాయితీ తీర్పు. అప్పటిదాకా ధరావతు నా దగ్గర, మల్లేశం కారు క్యాంపులోనే. మా ఊళ్లో అయితే తర్వాత కల్లు తాగేవాళ్లం. అక్కడ చల్లటి లబన్ సీసాలు తెచ్చారు, అది మన మజ్జిగకు చిక్కటి తమ్ముడు. మల్లేశానికి కూడా ఒకటి ఇచ్చారు, ముఖం చూడకుండా.

గంజు

గంజు ఎత్తుకుని ఇల్లు చేరితే సరోజ దాన్ని చూసి, నన్ను చూసి అడిగింది, మరి వాళ్లు దేంట్లో వండుకుంటరు బాపూ అని.

నేను ఆలోచించలేదు. అక్కడున్న ఒక్కరూ ఆలోచించలేదు. పంచాయితీ పద్ధతి తప్పకూడదనే ధ్యాసలో అందరం కలిసి అన్నం వండుకునే గిన్నెనే తాకట్టు పెట్టేశాం. వెనక్కిస్తే ధరావతు చెడుతుంది, ఇవ్వకపోతే మనుషులు పస్తులుంటారు. సరోజ నన్ను ఒక్క మాట అనలేదు. అట్టపెట్టెలు పక్కకు తోసి, పొయ్యి నాలుగు బర్నర్ల మధ్య ఆ గంజు నిలబెట్టి శనివారం పొద్దున అన్నం, ఖతీఫ్ రొయ్యల కూర వండింది. అభా విమానం ఆ పొద్దుటిదే. పిల్లలు స్వెట్టర్లు వేసుకుని కాసేపు అలిగారు, తర్వాత ఉల్లిపాయలు ఒలిచారు. క్యాంపు చేరాక అన్నం బకెట్లలోకి ఒంపి, గంజును మాత్రం కారు దింపకుండా వెనక్కు తెచ్చాం. అది గేటు లోపలికి వచ్చింది కాబట్టి ధరావతు చెడినట్టా కాదా అని అన్నం ముందు పెట్టుకుని వాళ్లు వాదించుకోవడం నేను విన్నాను. కడుపు నిండాక వాదన సద్దుమణిగింది.

కాబట్టి అభా గురించి నన్నేమీ అడగవద్దు. చల్లగా ఉంటుందట.

మక్తబ్

హురూబ్ ఉన్న మనిషిని కారులో ఎక్కించుకోవడం వేణుకు కూడా ప్రమాదమే. ఆదివారం నేను అడగకముందే తన కారు తాళంచెవి తీసుకుని, “మామయ్యా, లింగన్నను వెనక సీట్లో కూర్చోమనండి, నేనే డ్రైవ్ చేస్తా” అన్నాడు. మంచి అల్లుడు దొరికాడని సరోజ పెళ్లప్పుడు అందరూ అన్నారు. నేను మాత్రం ఆ పొద్దున నమ్మాను.

ఆఫీసులో మల్లేశం లేడు. మా నంబర్ దగ్గరపడుతోంది. లింగన్న తలుపు వైపు చూడడం మానేసి నేల చూడసాగాడు. మల్లేశం తాళంచెవి నా జేబులో బరువుగా ఉంది. కారు పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడేమో అనుకున్నాను. మమ్మల్ని పిలిచాక తలుపు తెరుచుకుంది. టాక్సీలో వచ్చాడట, చొక్కా చెమటకు తడిసింది.

అధికారి ముందు నిలబడి అరబ్బీలో మాట్లాడాడు. వేణు నా చెవిలో ఒక్కో మాటా తెలుగు చేశాడు. ఈ మనిషి ఎక్కడికీ పోలేదు. రోజూ క్యాంపులోనే ఉన్నాడు. ఇతను వండింది నేను తిన్నాను. పారిపోయాడని రాసిచ్చాను.

మరెందుకు రాశావని అధికారి అడిగాడు.

మల్లేశం ఒకసారి వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. “రాయమన్నారు” అన్నాడు. ఆగాడు. “రాసింది నేనే.”

అధికారి కలం పెట్టేసి మమ్మల్నందరినీ చూశాడు. నేను నిలబడి ఉండడం అప్పుడే గమనించాడేమో, లేచి తన పక్క కుర్చీ నాకిచ్చి, చిన్న కప్పులో గహ్వా అనే అరబ్బు కాఫీ పోయించాడు. లింగన్నను పట్టుకోమని ఎవరినీ పిలవలేదు. విచారణ చేస్తామని, అప్పటిదాకా పట్టుకోకుండా ఒక కాగితం ఇచ్చి పంపాడు. నేను అక్కడ ఉండగానే హురూబ్ తీసేశారు. ఆ తర్వాత ఎగ్జిట్ కూడా వచ్చింది. మల్లేశం ఉద్యోగం పోయింది. అతను అన్నట్టే అయింది, నేను కాదనలేదు.

ఆ ఆదివారం బయటికి వచ్చాక ధరావతు తిరిగి ఇచ్చేశాను, తాళంచెవి మల్లేశానికి, వేణు కారులో తెచ్చిన గంజు లింగన్నకు. టాక్సీలోనే క్యాంపుకు పోయి మల్లేశం తన కారు తెచ్చుకుని మళ్లీ వచ్చాడు. వచ్చి, గంజు డిక్కీలో పెడతానని చేయి చాచాడు. లింగన్న ఇవ్వలేదు. ఏళ్లుగా హారన్ మాత్రమే విన్న ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

“డిక్కీల పెడితే సొట్టపోతది” అని, ముందు సీట్లో కూర్చుని గంజు ఒళ్లో పెట్టుకున్నాడు. అద్దంలోంచి అతని తల కనబడలేదు, గంజు ఒక్కటే కనబడింది.

సిరిసిల్ల

నేను ముందు వచ్చాను, లింగన్న తర్వాత వచ్చాడు. వచ్చిన మర్నాడు వాళ్లింటికి పోతే అతనే చాయ పెట్టాడు, రాజవ్వను పొయ్యి దగ్గరికి రానీయలేదు. ఆమె నాకు అప్పగించిన ప్రశ్న ఇంకా బాకీ ఉంది కదా అని నేను నోరు తెరిచేలోపు లింగన్నే చెప్పాడు.

“ఒకడు రాసిండు. ఆడే వచ్చి కొట్టేయించిండు.”

రాజవ్వ బీడీ ఆకు కత్తిరించడం ఆపింది. ఆ ఒకడు మల్లేశమని తెలుసుకుని, అతని ఇల్లు మెట్‌పల్లిలో ఎక్కడని అడిగింది. ఏం చేస్తావని నేను కొంచెం భయపడుతూనే అడిగాను.

“వాళ్లమ్మకు చెప్పొస్త” అన్నది. “ఆ రాసింది ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటరు. ఈ కొట్టేయించింది ఎవరు చెప్తరు?”